జీర్ణమా, నిర్మాల్యమా? గోదావరిపై పాత రైలు వంతెనను గూర్చి ఒక విన్నపము

రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ అఖండ గోదావరిపై నిలిచియున్న పాత రైలు వంతెనను గూర్చి మరల ఆలోచనలు సాగుచున్నవి. 2025 జూను మాసమున ‘అఖండ గోదావరి’ అను పేర సుమారు 94 కోట్ల రూపాయల పర్యాటక పథకమునకు రాజమహేంద్రవరమున శంకుస్థాపన జరిగినది. పుష్కర ఘట్టమును బాగుచేయుటతోపాటు ఈ వంతెనను సందర్శనీయ స్థలముగా దిద్దుటయు ఆ పథకమున ఒక భాగము. 2027వ సంవత్సరమున గోదావరీ పుష్కరములు. కావున ఈ వంతెన విషయమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విచారణకు ఇదియే తగిన సమయము. ఇంజనీర్లు తమ శాస్త్రమును బట్టి, పర్యాటకశాఖవారు తమ లెక్కలను బట్టి సమాధానము చెప్పుదురు. మన శాస్త్రములను చదివినవారు చెప్పదగినది ఏమైన కలదా? కలదని నా నమ్మకము.

పరపాలకులు తమ రైళ్ల కొఱకు కట్టుకొన్న ఇనుప వంతెనతో సంస్కృత పండితునకేమి పని యని కొందఱు నవ్వవచ్చును. ప్రాచీన కట్టడమనగానే మన దృష్టి ద్రాక్షారామము మీదికో సామర్లకోట భీమేశ్వరాలయము మీదికో పోవును. అవి చాళుక్యుల నాటివి, శాసనములు కలవి. వానిని గూర్చి మన పత్రికలలో వ్రాయుట ఆచారము. వంతెనను గూర్చి వ్రాయుట ఆచారము కాదు. కాని ధర్మశాస్త్రములు చేసిన విభాగమును చూచినచో ఈ భేదము నిలువదు. యజ్ఞాదికము ఇష్టము. బావులు, దిగుడుబావులు, చెఱువులు, దేవాలయములు, అన్నదానము, తోటలు పూర్తము. దేవాలయమును చెఱువును ఒక్క పట్టికలో చేర్చి చెప్పిన దృష్టి మన పూర్వులది. దాహము తీర్చునదియు, నీడ నిచ్చునదియు, దాటించునదియు ఒక్క కోవకు చెందిన లోకోపకారములు. యాజ్ఞవల్క్యుడు బాధ స్వల్పమై మేలు అధికమైన సేతువును అడ్డగింపరాదని వ్యవహారాధ్యాయమున శాసించెను. అట్టి గౌరవము సేతువునకు కలదు.

సేతు శబ్దమును కొంచెము పరిశీలింతము. ‘షిఞ్ బంధనే’ అను ధాతువునకు ఉణాది తున్ ప్రత్యయము చేరగా ఈ శబ్దము సిద్ధించును; కట్టునది, బంధించునది అని అర్థము. అమరసింహుడు దీనికి ‘ఆలి’ అను పర్యాయమును చెప్పెను, అనగా గట్టు. నారదుడు సేతువు రెండు విధములనెను: త్రవ్వి నీటిని పోనిచ్చునది యొకటి, కట్టి నీటిని నిలుపునది మఱియొకటి. ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయమున లోకములు ఒండొంటితో కలగాపులగము కాకుండ నిలుపు సేతువు ఆత్మయే యని చెప్పబడినది. ఈ ప్రయోగములను బట్టి చూడగా సేతువనగా దాటించునది మాత్రమే కాదు. రెండింటిని వేఱువేఱుగా ఉండనిచ్చుచునే కలిపి పట్టుకొనునది సేతువు.

ఈ రెండర్థములకును ఉదాహరణములు మన గోదావరిపైననే కలవు. నీటిని నిలుపు సేతువు ధవళేశ్వరపు ఆనకట్ట. ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసినది. దాటించు సేతువు ఈ వంతెన. రెండింటికిని నడుమ అర్ధశతాబ్ది ఎడము. కాటన్ దొర రైళ్లకంటె పడవలు నడచు కాలువలే ఈ దేశమునకు మేలని వాదించినవాడు. ఆయన 1899లో మరణించునాటికి గోదావరిపై రైలు వంతెన పని సాగుచునే యుండెను. రెండు పక్షములును ఈ నదిపైననే తమ తమ గుర్తులను నిలిపినవి. డెల్టావాసులు రెండింటిని స్వీకరించిరి.

వంతెనకు ముందు పరిస్థితి యేమి? 1893 మొదలు తూర్పుతీరపు రైలు మార్గము ఖండఖండములుగా తెఱవబడుచు వచ్చినది. బెజవాడనుండి వచ్చు దారి గోదావరి పడమటి గట్టున ఆగిపోయెడిది. వాల్తేరు వైపు పోవు దారి తూర్పు గట్టున మరల మొదలయ్యెడిది. నడుమ నదిని పడవపై దాటవలసినదే. ఆషాఢ శ్రావణములలో నది నిండుగా పాఱునపుడు ఆ దాటుట ఎట్టిదో గోదావరిని ఎఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1897 నవంబరున పని ప్రారంభమై 1900 ఆగస్టున వంతెనపై రైళ్లు నడచినవి. మూడేండ్లు నిండకముందే పని ముగిసినది. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు దీనికి పెట్టిరి. ప్రజలు మాత్రము దీనిని పాత వంతెన యనియే వ్యవహరింతురు.

దీనిని కట్టించిన ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో రాజఘాట్ వద్ద గంగపై 1887లో తెఱవబడిన డఫరిన్ వంతెనయు ఈయన చేతి పనియే. 1948లో దానికి మాలవీయ సేతువని పేరు మార్చిరి. కాశీయాత్ర చేసివచ్చిన మనవారిలో అనేకులు ఆ వంతెన మీదుగనే గంగను దర్శించియుందురు. గంగను కట్టిన చేతితోడనే దక్షిణగంగను కట్టినారన్న సంగతి మన విద్యార్థులకు చెప్పదగినది.

నిర్మాణ విషయము సంగ్రహముగా చెప్పెదను. రెండు స్తంభముల నడుమనుండు ఎడమును మనవారు కానా యందురు. ఈ వంతెనకు 56 కానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు, అనగా 45.7 మీటర్లు. మొత్తము నిడివి రెండున్నర కిలోమీటర్లను మించును. స్తంభములు రాతికట్టు, వానిపై ఉక్కు గర్డర్లు. ఇసుక పఱుపు మీద రాతిస్తంభమును నేరుగా నిలుపుట కుదరదు. వరద వచ్చినపుడు నీరు స్తంభము మొదట ఇసుకను కోసికొనిపోవును. అందుచేత బావి పునాదులు వేసిరి. ఉంగరమువలె గుండ్రముగా కట్టిన గోడను నదీగర్భమున నిలిపి, లోపలి ఇసుకను తోడుచుండగా, ఆ గోడ తన బరువుచేత తానే క్రిందికి దిగును. దిగినకొలది పైన కట్టుచు పోవుదురు. తగినంత లోతునకు చేరిన తరువాత లోపల నింపి, దానిపై స్తంభమును లేపుదురు. మన రైతు బావికి ఒఱలు దింపు పద్ధతికిని దీనికిని మూలసూత్రము ఒక్కటియే. వంతెన పేరులో గవర్నరు నిలిచెను. బావులలో దిగి ఇసుక తోడిన పనివారు అందులో నిలువలేదు.

దీనియందు శిల్పము లేదనువారు కలరు. లత లేదు, పద్మము లేదు, విగ్రహము లేదు, నిజమే. కాని కొలత కలదు. ఒకే ఎడము, ఒకే ఎత్తు, ఒకే రాతికట్టు యాబదియాఱు పర్యాయములు తప్పక ఆవృత్తమగుట చూపరునకు ఒక తృప్తినిచ్చును. గణము తప్పని పద్యమును చదువునపుడు కలుగు తృప్తి వంటిదది. ప్రక్కనే 1997లో సిద్ధమైన కాంక్రీటు కమానుల వంతెనకు 28 కానాలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. అనగా క్రొత్తదాని ఒక్క కమాను పాతదాని రెండు కానాలకు సరిపోవును. రెండింటిని ఒక్క చూపులో చూచినవానికి నూఱేండ్ల నిర్మాణ శాస్త్రము కన్నులయెదుట నిలుచును. పాతది తొలగినచో క్రొత్తదాని అర్థమును సగము పోవును.

ఇక దీని సేవను గూర్చి. 1974లో పైన రోడ్డును క్రింద రైలు మార్గమును కల రెండవ వంతెన వచ్చువఱకు ఇచ్చట గోదావరిని దాటుటకు ఈ వంతెనమీది రైలు, కాదన్నచో లాంచి, అంతకుమించి వేఱు మార్గము లేదు. ఈ గట్టున వేదము, ఆ గట్టున శాస్త్రము చదివిన నావంటి పాఠశాలా విద్యార్థులకు ఈ వంతెన నిత్యపరిచితము. బండి వంతెన నెక్కగానే పెట్టెలోని మాటలు ఆగెడివి. స్త్రీలు కిటికీలనుండి నాణెములు విసరి చేతులు జోడించెడివారు. ఒక్కొక్కసారి నాణెము నీటిని చేరకుండ గర్డరునకు తగిలి ఖంగుమనెడిది. నదిని దాటునపుడు నదికి నమస్కరింపవలెనను ఆచారము పడవలనాటిది. రైలు వచ్చినను అది పోలేదు. ఆచారము క్రొత్త కట్టడమును తనలోనికి తీసికొనిన తీరునకు ఇది నిదర్శనము.

1986 ఆగస్టున ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులను మించిన వరద వచ్చినపుడు కోనసీమ యెంత నష్టపోయినదో పెద్దలు మఱువలేదు. ఆ వరదయు ఈ స్తంభముల నడుమనుండియే పోయినది. అప్పటికి వంతెన వయస్సు ఎనుబదియాఱు సంవత్సరములు. అటుపిమ్మటను పదకొండేండ్లు రైళ్లను మోసి, 1997లో విశ్రాంతి పొందినది.

విశ్రాంతి పొందిన కట్టడమును ఏమి చేయవలెను? దీనిని విప్పి ఉక్కును తుక్కుగా అమ్మవలెనను ఆలోచన వచ్చినపుడు రాజమహేంద్రవర వాసులు అంగీకరింపలేదు. అందుచేత వంతెన నిలిచినది. కాని నిలుచుట వేఱు, రక్షింపబడుట వేఱు. పాతికేండ్లకు పైగా ప్రణాళికల మాటలు వినబడినవి; ఉక్కునకు తుప్పు పట్టుట మాత్రము ఆగదు.

ఇచ్చట మన శాస్త్రములు చెప్పు ఒక భేదము ఉపకరించును. నిర్మాల్యము వేఱు, జీర్ణము వేఱు. దేవునకు సమర్పించి తీసివేసిన పుష్పము నిర్మాల్యము. దాని ప్రయోజనము ముగిసినది, మరల అర్పింపరాదు, పాఱు నీటిలో విడువవలెను. కాలముచేత నలిగినది జీర్ణము. దానికి ఉద్ధారము విధింపబడినది. తుక్కుగా అమ్మవలెనన్నవారు వంతెనను నిర్మాల్యముగా భావించిరి. రైళ్లు నడుచుట ఒక్కటియే దాని ప్రయోజనమైనచో వారి మాట సరియే. కాని రెండు గట్టులను కలుపుట, నదిని చూపుట, కట్టినవారి విద్యను తెలుపుట అను ప్రయోజనములు ఇంకను మిగిలియున్నవి. ప్రయోజనము మిగిలినది నిర్మాల్యము కాజాలదు.

శాస్త్రము ఈ విషయమున గ్రుడ్డి మమకారము చూపలేదు. అగ్నిపురాణమునందలి జీర్ణోద్ధార విధిలో అంగము విఱిగిన ప్రతిమను తొలగించి, అదే ద్రవ్యముతో అదే ప్రమాణమున క్రొత్తదానిని ప్రతిష్ఠింపుమని కలదు. ఆ ప్రకరణముననే బావులు, దిగుడుబావులు, చెఱువులు మొదలగువాని జీర్ణోద్ధారము మహాఫలప్రదమని చెప్పబడినది. అనగా నిలుపవలసినదానిని నిలుపుము, మార్చవలసినదానిని మార్చుము, మార్చునపుడు ద్రవ్యప్రమాణములను తప్పకుము అని తాత్పర్యము.

దక్షిణదేశపు వాస్తుగ్రంథమైన మయమతము ఇంకను స్పష్టముగా చెప్పినది. అందు ముప్పదియైదవ అధ్యాయము అనుకర్మమును గూర్చినది. అనగా కట్టినదానిని మరల బాగుచేయుట. లక్షణములు ఇంకను గుర్తింపదగిన స్థితిలో ఉన్న కట్టడమును దాని స్వద్రవ్యముతోడనే బాగుచేయవలెను. ఎత్తు, వెడల్పు మొదలగు కొలతలు తొలుత ఉన్నవే ఉండవలెను. లేనిదానిని చేర్చరాదు. మొదటి రూపమునకు అనుగుణముగ, తెలిసినవారి సలహాతో చేయవలెను. నేడు పురాతన కట్టడముల రక్షణకు దేశవిదేశములలో వ్రాసికొన్న నియమావళులలోని సారమంతయు ఈ నాలుగు మాటలలో ఇమిడియున్నది.

ఈ నాలుగింటిని మన వంతెనకు అన్వయింతము. స్వద్రవ్యమనగా రాతికి రాయి, ఉక్కునకు ఉక్కు. తుప్పు పట్టిన భాగమును కాంక్రీటుతో కప్పుట కాదు. ఆ భాగమునే మార్చుట. కొలత తప్పరాదనగా వాహనములకో, అంగళ్లకో చోటు కావలెనని రెక్కలు పెంచరాదు. లేనిదానిని చేర్చరాదనగా కృత్రిమ గోపురములు, సిమెంటు విగ్రహములు, రంగురంగుల దీపముల తోరణములు వలదు. ఒక్క రైలు దారికి సరిపోవు వెడల్పున కట్టిన వంతెన ఇది. నడచువారికి సరిపోవును. నడచి నదిని చూచుటకు కావలసినది కాలిక్రింద గట్టి బాట, ప్రక్కల భద్రమైన పిట్టగోడ, అంతే. తినుబండారముల దుకాణములను వంతెనపై నిలిపినచో వాని చెత్త యంతయు క్రింది తీర్థమునకే చేరును.

నాలుగవది, తెలిసినవారి సలహా, అన్నింటికంటె ముఖ్యము. 2022 అక్టోబరు 30వ తేదీన గుజరాత్ రాష్ట్రమున మోర్బీలో పందొమ్మిదవ శతాబ్దినాటి వ్రేలాడు వంతెన తెగిపోయి 130 మందికి పైగా మరణించిరి. బాగుచేసితిమని చెప్పి మరల తెఱచిన కొలది దినములకే ఆ ఘోరము జరిగినది. ఆ వంతెన జాతి వేఱు, ఈ వంతెన జాతి వేఱు. అయినను పాఠము ఒక్కటియే. 2015 జులై 14వ తేదీన పుష్కరముల తొలినాడు రాజమహేంద్రవరపు పుష్కర ఘట్టమున తొక్కిసలాటలో ఇరువదియైదుగురికి పైగా ప్రాణములు కోల్పోయిన దుఃఖమును మనము ఎఱుగుదుము. జనసమూహము ఒక్కసారిగ ఒక్కచోటికి వచ్చు పర్వమునకు ఈ వంతెనను ఆకర్షణగా చూపుటకు తొందరపడరాదు. స్తంభములను, నీటిలోని పునాదులను, ఒక్కొక్క గర్డరును నిపుణులు పరీక్షించి, ఒక్కసారి ఎందఱు నడువవచ్చునో సంఖ్య నిర్ణయించిన తరువాతనే తెఱవవలెను. 2027కు ఆ పని ముగియనిచో మూసియే యుంచుట మేలు. పుష్కరము పండ్రెండేండ్లకు మరల వచ్చును. పోయిన ప్రాణము రాదు.

ఇంకొక ధర్మసూక్ష్మము. పూర్వము కట్టబడి పాడుపడిన సేతువును స్వామి నడుగకుండ మరల నిలిపినవాడు దాని ఫలమునకు అర్హుడు కాడని నారదుడు చెప్పెను. ఈ వంతెనకు స్వామి యెవడు? పత్రములలో ఏ శాఖ పేరున్నను, తుక్కు కాకుండ నిలిపినవారు ప్రజలు. కావున పథకము వివరములను తెలుగులో ప్రకటించి, రాజమహేంద్రవరమున ఒక సభ, కొవ్వూరున ఒక సభ జరిపి, ఆ యూళ్లవారి మాట వినవలెను. కొవ్వూరును మఱువరాదని ప్రత్యేకముగ మనవి చేయుచున్నాను. వంతెనను గూర్చిన మాటలలో రాజమహేంద్రవరము పేరే వినబడును. గోష్పాద క్షేత్రమైన కొవ్వూరు ఆవలి కొన. ఒక్క గట్టునుండి ఎక్కి నడుమ వఱకు పోయి తిరిగివచ్చు వంతెన సేతువు కాదు. నీటిపై వేసిన అరుగు. ఈ గట్టున ఎక్కినవాడు ఆ గట్టున దిగినపుడే సేతుశబ్దము సార్థకము.

పరపాలకుల కట్టడమన్న అభ్యంతరము మిగిలినది. వారు దీనిని మన మేలు కొఱకే కట్టిరని నేననను. సరకులు, సైన్యము, తపాలా త్వరగా పోవుటకు కట్టుకొనిరి. కాని పూర్తము కట్టినవాని ఉద్దేశముతో ఆగిపోదు, వాడుకొనినవారిదియు అగును. ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆంగ్లేయుని భగీరథునితో పోల్చి స్నానకాలమున స్మరించు శ్లోకము ఈ డెల్టాలో ప్రచారమున కలదు. ఆ స్మరణము చేసిన పండితులు పరపాలనమును మెచ్చినవారు కారు; నీటిని మెచ్చినవారు. అట్టి వివేకమే ఇచ్చటను చాలును. పేరు మార్చుటతో పని లేదు. ‘పాత వంతెన’ యని జనులు పెట్టుకొన్న పేరు ఎట్లును నిలిచియున్నది. రెండు కొనలయందును తెలుగున ఒక ఫలకము నిలిపి, కట్టిన సంవత్సరములు, కానాల సంఖ్య, బావులు దింపిన విధానము, పనివారి శ్రమ వ్రాసినచో చాలును.

తుదకు మన కళాశాలల కర్తవ్యము. శాసనములను అచ్చొత్తి తీసికొనుట మనకు తెలిసిన విద్య. అదే శ్రద్ధతో ఈ వంతెనపైని అక్షరములను, అంకెలను ఎత్తి వ్రాయవలెను. ఈ దారిని బండ్లు నడపినవారు, గర్డర్లకు రంగులు వేసినవారు, మరమ్మతులు చేసినవారు ఇరుగట్టుల యూళ్లలో ఇంకను ఉన్నారు. వారి పనిమాటలు ఏ నిఘంటువునకును ఎక్కలేదు. గోదావరికి ఈ గట్టున ఒక విద్యార్థి, ఆ గట్టున ఒక విద్యార్థి ఒక్క వేసవి కాలము తిరిగి ఆ మాటలను వ్రాసికొనినచో అది మంచి పరిశోధనమగును. దానికి ప్రభుత్వపు పథకమక్కఱలేదు, నిధులక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక కలము చాలును. ఈ వేసవిలోనే మొదలుపెట్టుడని మా విద్యార్థులకు నా మాట.